నల్లపిల్లకి ఏ వేషం?

"అత్తా, నాకు వేషం ఇచ్చినారు" అని మా అన్న కూతురు ఫోన్ చేసింది. పదకొండేళ్ళ పిల్ల. మైపాడుకి దగ్గర్లో సముద్రం ఒడ్డునున్న మా ఊరి నుంచి రోజూ బస్సెక్కి బడికి పోతుంది. బడి వార్షికోత్సవంలో ఈసారి 'హనుమాన్' సినిమాని చిన్న నాటికగా ఆడిస్తున్నారట.

"ఏం వేషం మే?"

"అంజమ్మ. హీరో వాళ్ళక్క." కాస్త ఆగి, "చచ్చిపోద్ది గదా, ఆమె" అంది.

హీరో ఎవరని అడిగాను. వాళ్ళ తరగతిలోనే ఒక పిల్లవాడట. "నాకంటే పొట్టోడు అత్తా. సరిగ్గా పరిగెత్తలేడు గూడా." మరి హీరోయిన్ మీనాక్షి వేషం ఎవరికి? ఇంకో పిల్ల పేరు చెప్పి, "తెల్లగా ఉంటది గదా" అంది. ఆ 'గదా' దగ్గర నాకు మాట ఆగిపోయింది. ఆ గొంతులో ఫిర్యాదు లేదు. సముద్రం ఉప్పగా ఉంటది గదా అన్నట్టుగా చెప్పింది.

చెప్పుకోవడానికి నాకూ ఒక వేషం ఉంది. నేను ఏడో తరగతిలో ఉండగా మా బడిలో రామాయణం నాటకం వేశారు. ఎవరి చేతా ఒక్క మాట చదివించలేదు, ఒక్క అడుగు వేయించలేదు. ఆడపిల్లలందర్నీ వరసగా నిలబెట్టి చూశారు, అంతే. తెల్లటి పిల్ల సీత అయింది. నేను తాటకినయ్యాను. నాటకం రోజున మొహానికీ చేతులకీ పెనం మసి పూశారు. సాయంత్రం మా అమ్మ నెల్లూరు వీధుల్లో చేపలమ్ముకుని అప్పుడే వచ్చి, గంప దించి, కొబ్బరినూనెతో ఆ మసి తుడుస్తూ "ఉన్న నలుపు చాల్లేదంటనా వాళ్ళకి?" అంది. నవ్వించడానికే అంది. నేనూ నవ్వాను. ఆ తర్వాత పురాణ స్త్రీ పాత్రల మీద పరిశోధన చేసి, నాలుగు వందల పేజీలు రాసి డాక్టరేటు తెచ్చుకున్నాను గానీ, ఆ పేజీల్లో ఎక్కడా మా అమ్మ ప్రశ్న జోలికి పోలేదు.

సూపర్ హీరో సినిమాల్లో ఎవరికి ఏ వేషం దక్కుతుందో రాయాలనిపించింది ఇందుకే. ఒక గుమాస్తా పాత్రకో, ఒక లాయరు పాత్రకో ఎవర్ని తీసుకున్నారన్నది నటనకి సంబంధించిన విషయంగా చూస్తాం. సూపర్ హీరో పాత్ర దగ్గర ఆ లెక్క మారిపోతుంది. అక్కడ కథంతా ఒంటి మీదే నడుస్తుంది. ఏ ఒంటిని చూపించి, ఇది కొండనెత్తగలదు, గాల్లో ఎగరగలదు, వెయ్యేళ్ళు బతకగలదు అంటే జనం నమ్ముతారని నిర్మాత లెక్కేసుకుంటాడో ఆ ఒంటికే వేషం. ఆ లెక్కలో రంగు ఉంటుంది, కులం ఉంటుంది, వయసు ఉంటుంది, ఆడా మగా అన్నది అన్నిటికన్నా ముందుంటుంది. లారా మల్వే 1975లో సినిమా చూపు మగవాడి చూపని రాసినప్పుడు, తెర మీద ఆడదాన్ని చూడదగ్గ వస్తువుగా నిలబెట్టడం గురించి మాట్లాడింది. సూపర్ హీరో సినిమాలో ఇంకో మెలిక ఉంది. ఇక్కడ ఆమెని చూస్తే సరిపోదు, ఆమె బలాన్ని నమ్మాలి కూడా. చూడ్డానికి ఒక ఒళ్ళు, నమ్మడానికి ఇంకో ఒళ్ళు అని మన సినిమా ఎప్పుడో పంచేసుకుంది.

ఈ సినిమాలు హాలీవుడ్ నుంచి వచ్చాయంటారు గానీ మనకి అంతకు చాలా ముందే పౌరాణికాలున్నాయి. 'మాయాబజార్' (1957)లో ఘటోత్కచుడుగా ఎస్.వి. రంగారావుని చూసిన ప్రేక్షకులకి అతిమానుష బలం గురించి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. రంగు పేచీ కూడా అక్కడే మొదలైంది. కృష్ణుడు నల్లవాడు. రంగుల సినిమాలు వచ్చాక ఆ నలుపుని నీలం చేశారు. పోనీ, ఒక రంగంటూ ఇచ్చారు. ద్రౌపది మాటేమిటి? భారతంలో ఆమెకి కృష్ణ అని పేరు, నల్లనిది కాబట్టి. నిప్పులోంచి పుట్టింది, తల్లి కడుపులోంచి కాదు. పుట్టుకలోనే ఇంత మహిమ ఉన్న ఆడమనిషి మన కథల్లో ఇంకొకరు కనపడరు. 'నర్తనశాల' (1963)లో, 'పాండవ వనవాసం' (1965)లో ఆ పాత్ర సావిత్రి చేసింది. సావిత్రి నటనతో నాకు తగాదా లేదు, 'నర్తనశాల'లో ఆమె కళ్ళు చూసి వణికినదాన్నే. కానీ అవి నలుపు తెలుపు సినిమాలు. నలుపుని చూపించడానికి అంతకన్నా అనువైన చోటు ఉంటుందా? అక్కడ కూడా ద్రౌపది తెల్లగానే వచ్చింది. మగదేవుడి నలుపు నీలమై బతికింది, నిప్పులో పుట్టినదాని నలుపు తెరదాకా రానేలేదు.

1980లో వి. మధుసూదనరావు దర్శకత్వంలో 'సూపర్ మేన్' వచ్చింది. ఎన్.టి.ఆర్. హీరో. హనుమంతుడి వరంతో శక్తులొస్తాయి. అప్పటికి ఆయనకి 57 ఏళ్ళు, జయప్రదకి 18. చిన్నప్పుడు మా వీధిలో ఉన్న ఒకే ఒక్క టీవీ ముందు కూర్చుని ఆ సినిమా చూశాం. యాభయ్యేడేళ్ళ మనిషి ఎట్టా ఎగురుతాడని మా పిల్లల్లో ఎవరమూ అడగలేదు, పెద్దవాళ్ళూ అడగలేదు. రాముడూ కృష్ణుడూ అయినవాడు ఎగరడం ఒక లెక్కా! ఆ ఒంటికి సూపర్ మేన్ దుస్తులు అదనం. మన దగ్గర కథ కోసం నటుణ్ణి వెతకడం తక్కువ. ముందు హీరో దొరుకుతాడు, తర్వాత ఆయనకి తగ్గ కథ దొరుకుతుంది.

అమెరికాలో పద్ధతి వేరు. 1978 'సూపర్ మేన్'కి పెద్దగా ఎవరికీ తెలియని క్రిస్టఫర్ రీవ్‌ని వెతికి పట్టుకున్నారు, ఆయన కసరత్తు చేసి ఒళ్ళు పెంచుకున్నాడు. మార్వెల్ సినిమాలకి 'ఐరన్ మేన్' (2008) దగ్గర్నుంచీ నటుల్ని ఎంపిక చేస్తున్నది సారా ఫిన్ అనే ఆవిడ. అక్కడ అదొక వృత్తి, దానికి ఇప్పుడు ఆస్కార్ కూడా ఉంది. మన ఇళ్ళలోకి 'కాస్టింగ్' అనే మాట ఎట్టా వచ్చిందో గుర్తుచేసుకోండి. 'కౌచ్' అన్న రెండో మాటతో కలిసి వచ్చింది. 2018 ఏప్రిల్‌లో శ్రీరెడ్డి ఫిల్మ్ ఛాంబర్ ముందు చేసిన నిరసనని అర్ధనగ్నంగా చేసిందన్న ఒక్క ముక్కకి కుదించి చెప్పుకున్నారు. తెలుగమ్మాయిలకి వేషాలెందుకివ్వరు అన్న ప్రశ్న కూడా ఆమె అప్పుడే అడిగింది. ఆ ప్రశ్నని ఎవరూ పట్టించుకోలేదు. అట్లాగని అమెరికాని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. 'వండర్ వుమన్'గా గాల్ గాడోని తీసుకున్నప్పుడు ఆమె మరీ సన్నగా ఉంది, యోధురాలంటే ఎవరు నమ్ముతారు అని రొమ్ముల కొలతల దాకా పోయారు అక్కడి జనం. 2017లో సినిమా విడుదలయ్యాక గానీ ఆ నోళ్ళు మూతపడలేదు.

ఇక 2024 సంక్రాంతికి వచ్చిన 'హనుమాన్'. ప్రశాంత్ వర్మ ఇందులో ఒక మంచి పని చేశాడు. పెద్ద హీరోని కాకుండా తేజ సజ్జాని తీసుకున్నాడు. 'ఇంద్ర'లో చిన్నపిల్లవాడుగా మనందరికీ తెలిసిన మొహం. అతను సన్నగా, పక్కింటి కుర్రాడిలా ఉంటాడు. పెద్ద హీరో మామూలు సినిమాలోనే ఒంటిచేత్తో ముప్ఫైమందిని ఎగరగొడతాడు కదా, అతనికి శక్తి వచ్చిందంటే తేడా ఎట్టా తెలుస్తుంది? చిన్న ఒళ్ళు కావాలి. ఈ తర్కం నాకు నచ్చింది. మరుసటి ఏడు 'మిరాయ్'తో అదే నటుడు ఆ దారిని ఇంకాస్త వెడల్పు చేసుకున్నాడు. అంటే మగవాళ్ళకి 57 ఏళ్ళైనా పరవాలేదు, బక్కగా ఉన్నా పరవాలేదు. నమ్మకం మెల్లమెల్లగా ఎన్ని రకాల ఒళ్ళకో పాకుతోంది.

అదే 'హనుమాన్'లో అంజమ్మ ఉంది. వరలక్ష్మి శరత్‌కుమార్ చేసింది. 'క్రాక్'లో జయమ్మగా ఆమెని చూసినవాళ్ళకి ఆ నడకలో ఉన్న బరువు తెలుసు. సినిమాకి ముందు విడుదల చేసిన పోస్టర్లో పెళ్ళిచీర కట్టుకుని కొబ్బరికాయల గెల పట్టుకుని కొట్టడానికి సిద్ధంగా నిలబడి ఉంటుంది. ఆ పోస్టరు చూసి నేను సంబరపడ్డాను. ఆ ఊళ్ళో అందరికన్నా ముందు శక్తి ఎవరికి రావాలో ఆ ఒక్క బొమ్మ చెబుతోంది. కానీ మణి తమ్ముడికి దొరుకుతుంది. అక్క చచ్చిపోతుంది. తమ్ముడికి కోపం రావాలి గదా! ఆ మాత్రం పనికి అంత ఒళ్ళెందుకు అనిపించింది నాకు.

ఇట్లా చేజారిపోవడం కొత్తేమీ కాదు. 'జగదేక వీరుడు అతిలోక సుందరి' (1990)లో శ్రీదేవి దేవకన్య. ఆ కథలో స్వర్గం నుంచి దిగొచ్చింది ఆమె, కానీ ఉంగరం దొరికేది చిరంజీవికి. ఉంగరం లేకపోతే ఇంటికి కూడా పోలేదు. ఆడదాని శక్తి ఆమె ఒంట్లో ఉండదు, వేలి నుంచి జారిపోయే వస్తువులో ఉంటుంది. 'అమ్మోరు' (1995)లో శక్తి ఉంది, కానీ దేవతది, సౌందర్య చేసిన భక్తురాలిది కాదు. 'అరుంధతి' (2009) దగ్గర మాత్రం నా వాదన కాస్త తడబడుతుంది. అనుష్క ఎత్తు, భుజాలు, ఆ కత్తి పట్టుకున్న తీరు... కోడి రామకృష్ణ ఆ ఒంటిని నమ్మాడు, జనమూ నమ్మారు. అంత డబ్బు చేసిన ఆ సినిమా తర్వాత అట్లాంటి పాత్రలు బారులు తీరాలి. తీరలేదు.

'కల్కి 2898 ఏ.డి.'ని నేను సూళ్ళూరుపేటలో చూశాను. ఆ ఊరు 2022లో తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ మాకు అదింకా నెల్లూరు తీరమే. ఒక పక్క పులికాట్, అవతల శ్రీహరికోట, ఊళ్ళో చెంగాళమ్మ గుడి. రాకెట్ ఎగరేసే ముందు శాస్త్రవేత్తలు వచ్చి దండం పెట్టుకుపోయేది ఆ అమ్మవారికే. హైవే పక్కన వంద అడుగులకి పైగా వెడల్పున్న తెరతో 2019లో 'సాహో'తో తెరిచిన వి ఎపిక్ హాలుంది. ఆ తెర మీద మనిషి మొహం మా ఊరి పడవంత ఉంటుంది. ఎవరిని అంత పెద్దగా చూపించాలన్నది చిన్న సంగతి కాదని అక్కడ కూర్చుంటే అర్థమవుతుంది.

ఆ తెర మీద ప్రభాస్ కొట్లాడాడు. ఎనభయ్యేళ్ళు దాటిన అమితాబ్ బచ్చన్ అశ్వత్థామై అంతకన్నా బాగా కొట్లాడాడు. ఆడవాళ్ళు? అన్నా బెన్ చేసిన కైరాకి కొట్లాడడం వచ్చు, అందుకని తొందరగా చచ్చిపోతుంది. కీర్తి సురేష్ గొంతు ఉంది, ఒళ్ళు లేదు. హీరో కారు బుజ్జికి మాట ఇచ్చింది. అందరికన్నా ముఖ్యమైన స్త్రీ సుమతి, దీపికా పదుకొణె. దేశంలో అంతటి తారని తెచ్చి ఇచ్చిన పని గర్భం మోయడం. మంటల్లోంచి ఆమె నడిచొచ్చే చోట హాలంతా ఈలలేసింది, నేనూ చప్పట్లు కొట్టాను. ఆ మంటలు ఆమెని కాల్చకపోవడానికి కారణం కడుపులో ఉన్నవాడని గుర్తొచ్చి చేతులు దించేసుకున్నాను. సూపర్ హీరో ఇంకా పుట్టలేదు, అయినా బలమంతా వాడిదే.

2024 జూన్‌లో ఆ సినిమా విడుదలయ్యేనాటికి దీపిక నిజంగానే గర్భవతి. సెప్టెంబరులో ఆమెకి కూతురు పుట్టింది. సరిగ్గా ఏడాదికి, 2025 సెప్టెంబరులో, రెండో భాగంలో ఆమె ఉండదని నిర్మాణ సంస్థ ప్రకటించింది. ఇటువంటి సినిమాకి నిబద్ధత అవసరమన్నది ఆ ప్రకటన సారాంశం. అంతకు కొన్ని నెలల ముందు మరో తెలుగు దర్శకుడి సినిమా నుంచి ఆమె తప్పుకున్నప్పుడు, రోజుకి ఎనిమిది గంటల పని అడిగిందని పత్రికలు రాశాయి. జనం ఈ రెండు వార్తల్నీ కలిపే చదివారు. తెర మీద గర్భం పవిత్రం, దాని కోసం సైన్యాలు కొట్టుకు చస్తాయి. చంటిబిడ్డ తల్లి పొద్దుపోయేలోగా ఇంటికి పోతానంటే మాత్రం లోకమంతా నిబద్ధత గురించి మాట్లాడుతుంది. ఎనిమిది గంటల పని దినం కోసం ప్రపంచంలో ఎంత పోరాటం జరిగిందో ఈ పత్రిక చదివేవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు.

'కొత్త లోక' వచ్చినప్పుడు మా మేనకోడల్ని నెల్లూరులో సినిమాకి తీసుకెళ్ళాను. 2025 ఆగస్టులో మలయాళంలో 'లోకా'గా వచ్చి, తెలుగులోకి అనువాదమైన సినిమా. కల్యాణి ప్రియదర్శన్ 2017లో 'హలో'తో మన దగ్గరే మొదలుపెట్టిన అమ్మాయి. ఇందులో ఎవరి చెల్లెలూ కాదు, ఎవరి తల్లీ కాదు. కొట్టేది ఆమె, నోరు తెరుచుకుని చూసేది పక్కింటి కుర్రాడు. మూడు వందల కోట్లు దాటి వసూలు చేసింది. ఆడది మోస్తే సినిమా ఆడదు అన్నవాళ్ళకి ఇంతకన్నా ఏం చెప్పాలి! మా పిల్ల ఇంటర్వెల్లో కుర్చీలో కూర్చోలేదు, నడవాలో తన్నులు ప్రాక్టీసు చేసింది.

అయినా నాలో ఉన్న తాటకి ఊరుకోలేదు. ఆ కథకి మూలం కల్లియంకాట్టు నీలి. సినిమాలో ఆమె అడవిబిడ్డ, గుడిలోకి అడుగు పెట్టినందుకు రాజు ఆమె వాళ్ళ మీద పగబట్టాడు. పేరేమో నీలి. పెద్దయ్యాక వెన్నెల రంగు తేలి చంద్ర అయింది. కల్యాణి బాగా చేసింది, ఆమె స్థానంలో ఇంకొకరిని ఊహించుకోవడం ఇప్పుడు కష్టం. కానీ గుడి మెట్ల దగ్గర ఆపేసిన ఒళ్ళు ఒకటి, సూపర్ హీరో అయ్యాక తెర మీదికి వచ్చిన ఒళ్ళు ఇంకొకటి అని చెప్పకపోతే నేను అబద్ధమాడినట్టే.

నలుపు కావలసి వచ్చినప్పుడు సినిమావాళ్ళు నల్లవాళ్ళని పిలవరు, రంగుని పిలుస్తారు. 'పుష్ప' (2021)లో శ్రీవల్లి కోసం రష్మికకి రంగు తగ్గించారు. 'కలర్ ఫొటో' (2020) నలుపు మీద వివక్ష గురించే తీసిన సినిమా, అందులో కూడా సుహాస్‌కి మరింత నలుపు పూశారు. మా అమ్మ చూసి ఉంటే ఇంకోసారి అదే మాట అనేది. మరి ఒకప్పుడు ఎట్టా కుదిరింది? మా నెల్లూరులో పుట్టిన వాణిశ్రీది చామనచాయ. 'దసరా బుల్లోడు', 'ప్రేమనగర్' రెండూ 1971లోనే వచ్చాయి. ఆమె కొప్పు, ఆమె చీరకట్టు తెలుగుదేశమంతా అనుకరించింది. మా పెద్దమ్మ ఇప్పటికీ "మన వాణిశ్రీ" అంటుంది, మా వీధిలో పిల్లన్నట్టు. యాభయ్యేళ్ళ కిందట సాధ్యమైంది ఇప్పుడు ఎందుకు కష్టమైందో ముఖానికి పూసే క్రీముల వ్యాపారం లెక్కలు చూస్తే కొంత తెలుస్తుంది.

ఇంకో సంగతి కూడా మనసులో మెదులుతోంది. మా జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు చీపుళ్ళూ కారంపొట్లాలూ పట్టుకుని సారా దుకాణాల మీద పడ్డారు. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారా నిషేధించేదాకా ఆ మంట చల్లారలేదు. ఆ కథ సూపర్ హీరో సినిమాగా తీస్తామని ఎవరైనా వస్తే మొదట అడిగే ప్రశ్న 'మెయిన్ లీడ్ ఎవరు' అని. వాళ్ళలో ఒక్కత్తిని ఏరి, తెల్లబరిచి, మిగతావాళ్ళని వెనక నిలబెట్టాలి. ఒక్కరి ఒంట్లోనే బలం ఉండాలనేది ఈ సినిమాల షరతు. గుంపుకి వేషం ఇవ్వడం దానికి చేతకాదు.

ఇంత చెప్పాక 'మహాకాళి' దగ్గర ఆగాలి. 2024 అక్టోబరులో ప్రశాంత్ వర్మ తన సూపర్ హీరో వరసలో భాగంగా దీన్ని ప్రకటించాడు. దర్శకురాలు పూజా అపర్ణ కొల్లూరు, అంతకుముందు 'మార్టిన్ లూథర్ కింగ్' (2023) తీసిన మనిషి. బెంగాల్ నేపథ్యం. నల్లటి అమ్మాయి, రంగు వల్ల పడే అవమానం, అందులోంచి లేచే శక్తి, ప్రధాన పాత్రకి ముదురు రంగు నటినే తీసుకుంటాం అని అప్పుడే చెప్పారు. ఆ ప్రకటన నేను రెండుసార్లు చదివాను. తెలుగు సినిమావాళ్ళు నలుపుని వెతుకుతున్నామని చెప్పడం నేనెరిగి ఇదే మొదలు. ఏడాదికి, 2025 అక్టోబరులో, భూమి శెట్టి పేరు బయటపెట్టారు. కన్నడ, తెలుగు సీరియళ్ళలో పనిచేసిన నటి. పెద్ద తార కాదు. అంటే తేజ సజ్జా విషయంలో పాటించిన తర్కం ఒక ఆడమనిషి విషయంలో కూడా పాటించారు. ఇది చిన్న మెట్టు కాదు, నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.

పోస్టరు మా మేనకోడలికి పంపాను. మొహం నిండా ఎరుపు, బంగారు రంగు, కళ్ళల్లో నిప్పులు, ఒంటి నిండా నగలు. చూడ్డానికి గొప్పగా ఉంది. పిల్ల వెంటనే ఫోన్ చేసింది.

"బాగుంది అత్తా. అడుగున ఏం రంగు?"

నా దగ్గర జవాబు లేదు. నలుపు చూపిస్తామని పిలిచినవాళ్ళు మొదటి బొమ్మలోనే ఆ నలుపుని రంగుతో మూసేశారు. దేవత మొహానికి పసుపూ కుంకుమా మెత్తడం మన గుళ్ళలో ఉన్నదే, మా ఊరి అమ్మవారి రాయి రంగు నేను ఇప్పటిదాకా చూడలేదు, అంత పసుపు. కానీ నల్లపిల్ల కథలో కూడా ఆమె దేవత అయ్యాకే మొహం చూపిస్తే, దేవత కాని నల్లపిల్లకి మళ్ళీ పాత వేషాలే మిగులుతాయి. దర్శకురాలు ఆడమనిషి కాబట్టి ఆ రంగు కడిగే దృశ్యం ఒకటి సినిమాలో ఉంటుందని ఆశపడుతున్నాను. ఆశపడడం విమర్శకులకి తగదంటారు, అయినా.

వార్షికోత్సవానికి నేను వెళ్ళాను. మా అమ్మని ముందు వరసలో కూర్చోబెట్టాం. ఆకుపచ్చ రంగు వేసిన థర్మోకోల్ కొబ్బరికాయల గెలతో మా పిల్ల వేదిక మీదికొచ్చింది. నలుగురు దొంగల్ని కొట్టి, అయిదోవాడి చేతిలో చచ్చిపోవాలి. నలుగుర్నీ కొట్టింది. అయిదోవాణ్ణి కూడా కొట్టింది. వాడు బిత్తరపోయి వెనక్కి జరిగితే వెంటపడి మళ్ళీ కొట్టింది. హీరో పిల్లవాడు మెడలో మణి పట్టుకుని ఒక పక్కన నిలబడి తన వంతు కోసం చూస్తున్నాడు. తెర చాటునుంచి టీచరు "పడిపో, పడిపో" అంటూనే ఉన్నారు. మా అమ్మ కుర్చీలోంచి లేచి "ఇంకో రెండు తగిలించు మే" అని అరిచింది.